పాత ఫైరాఫీసు గోడలు

(అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా అరసవల్లిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్టు గురించో మాట్లాడితే మీరు మరింత శ్రద్ధగా వింటారని నాకు తెలుసు. కాని కార్యదర్శిగారు "ఏప్రిల్ నెల కదండీ, మీ శాఖ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. శాఖ చరిత్ర చెప్పడానికి నేను పండితుణ్ణి కాను. 1974 లో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌నై, చివరికి స్టేషను ఆఫీసరుగా 2010 లో దిగిపోయినవాణ్ణి. అందుచేత నాకు బాగా తెలిసిన ఒక కట్టడం గురించి మాత్రం చెబుతాను. అది మన ఉత్తరాంధ్రలో ఒక పట్నంలోని పాత ఫైర్ స్టేషను. మన జనం ఫైరాఫీసు అంటారు. ఊరి పేరు చెప్పను. చెబితే ఎవరినో తప్పు పట్టినట్టుంటుంది. అక్కడ జరిగిన తప్పుల్లో ఒకటి నాది కూడా. అదీ చెబుతాను.

ఊరి చివర కొత్త స్టేషను కట్టారు. పాతది పడగొట్టే పని మొదలైందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. కాంట్రాక్టరు మనిషి, పాతికేళ్ళ కుర్రాడు, వెనకాల ఉన్న బురుజు చూపించి "ఇదేటి బాబూ, నీల్ల ట్యాంకా?" అని అడిగాడు. కాదన్నాను. "మరేటి? గుడా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తరవాత నవ్వు రాలేదు. ముప్పై ఆరేళ్ళు ఆ శాఖలో బతికినవాణ్ణి, ఆ కుర్రాడికి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆ కుర్రాడికి చెప్పలేనిది ఇవాళ మీకు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మనం కూర్చున్న ఈ అరసవల్లిలో కట్టడం అంటే ఏమిటో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేటట్టు ఆ గుడి నిలబెట్టారు. తూర్పు గాంగుల కాలం నుంచి చెప్పుకుంటున్న మాట అది. ద్వారం ఎక్కడ ఉండాలి, ఏ దిక్కు చూడాలి అన్నది జరగవలసిన పనిని బట్టి నిర్ణయించుకుని కట్టారు. దేవుడి కట్టడంతో ఫైరాఫీసును పోలుస్తున్నానని ఎవరూ కోపగించవద్దు. రథసప్తమికి ఇంద్రపుష్కరిణి దగ్గర బండి నిలబెట్టుకుని నేను చేసిన డ్యూటీల్లో, జనం తగ్గాక, ఆ గుడివైపు చూస్తూ ఈ సంగతే అనుకునేవాణ్ణి. మా ఆఫీసులోనూ ప్రతి గోడా ఒక పని కోసం కట్టిందే. గుడిలో పని వెలుతురు లోపలికి రావడం. మాకు బండి బయటికి పోవడం.

ముందు గేటులోంచి లోపలికి రండి. ఎడమ పక్కన చిన్న గది, దానికి రోడ్డువైపు పెద్ద కిటికీ. దాన్ని వాచ్‌రూము అంటాం. టెలిఫోను, గోడగడియారం, లాగ్‌బుక్కు, గంట మీట, ఊరి పటం, ఒక బల్ల, ఒక కుర్చీ. కుర్చీ ఒకటే, ఎందుకంటే రెండుంటే ఇద్దరు కూర్చుని కబుర్లలో పడతారని మా మొదటి ఆఫీసరుగారి నమ్మకం. రాత్రి రెండింటికి కూడా అక్కడ ఒక మనిషి మెలకువగా ఉండాలి. మిగతా కట్టడమంతా ఆ ఒక్క మనిషి చెవి మీద ఆధారపడి ఉంటుంది.

ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదు, ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టిందీ కాదు. రోము నగరంలో క్రీస్తుశకం 6 లో అగస్టస్ చక్రవర్తి మంటలార్పే దళం ఒకటి ఏర్పాటు చేశాడు. వాళ్ళ పేరు విజిలెస్. అంటే మెలకువగా ఉండేవాళ్ళు. నగరాన్ని 14 పేటలుగా విడగొట్టి, రెండేసి పేటలకు ఒకటి చొప్పున 7 దళాలు పెట్టారు. చేతిపంపులు, బకెట్లు, కొక్కేలు, గొడ్డళ్ళు, పులికడుగులాంటి పుల్లటి ద్రవంలో తడిపిన బొంతలు వాళ్ళ సామాను. ఆ ఏడో దళంవారి ఠాణా ఒకటి రోములో ట్రాస్టెవెరె అనే పేటలో 1866 ప్రాంతంలో తవ్వకాల్లో బయటపడింది, ఇప్పటి వీధి మట్టానికి సుమారు 8 మీటర్ల లోతున. పేట ఫైర్ స్టేషన్లలో ఇంత పాతది మనిషి కంటికి కనిపించేది అరుదు. ఆ గోడల సంగతి మళ్ళీ చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

వాచ్‌రూము పక్కన బళ్ళ షెడ్డు. బండి మూతి ఎప్పుడూ రోడ్డువైపే ఉండాలి. తిరిగి వచ్చినప్పుడు రివర్సులో లోపల పెట్టాలి, ఎంత అలిసిపోయినా సరే. నేల రోడ్డువైపు కాస్త వాలుగా ఉంటుంది. బ్యాటరీ మొరాయిస్తే నలుగురు తోసినా దొర్లిపోవాలని. చలికాలం తెల్లవారుఝామున ఆ వాలు మా పరువు ఎన్నిసార్లు కాపాడిందో!

సినిమాల్లో చూపించినట్టు స్తంభం పట్టుకుని మేడ మీంచి జారేవారా అని మనవలు అడుగుతుంటారు. మాది ఒంటి అంతస్తు, జారడానికి మేడేదీ? ఆ స్తంభం పుట్టింది అమెరికాలో షికాగోలో, 1878 లో. అప్పట్లో ఇంజను లాగేవి గుర్రాలు. కింద గుర్రాలు, పైన వాటికి గడ్డి, మనుషులు. 21 వ నంబరు దళంలో అందరూ నల్లజాతివారు. గడ్డిమోపులు ఎత్తడానికి వాడే కర్ర పట్టుకుని ఒకాయన సర్రున కిందికి జారాడట. వాళ్ళ కెప్టెను డేవిడ్ కెన్యన్ అది చూసి, పై అధికారిని ఒప్పించి, శాశ్వతంగా ఒక స్తంభం నాటించాడు. మొదట మిగతా దళాలు ఎగతాళి చేశాయి. ఆ దళం అందరికన్నా ముందు మంట దగ్గరికి చేరుతూంటే ఎగతాళి మానేసి తామూ నాటుకున్నాయి. గుర్రాలు పోయి వందేళ్ళయినా స్తంభం మాత్రం కొన్ని దేశాల్లో మిగిలింది. చీలమండలు విరుగుతున్నాయని ఇప్పుడు కొత్త స్టేషన్లలో దాన్నీ మానేస్తున్నారు.

షెడ్డు దాటితే డ్రిల్లు మైదానం. ఏటా ఏప్రిల్ 14 ఉదయం అక్కడ వరసగా నిలబడేవాళ్ళం. ఆ తేదీ ఎందుకో మన ఇళ్ళల్లో కొందరికి తెలియదు. 1944 లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో మంట పుట్టింది. ఓడలో దూదిబేళ్ళు, వాటితోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. యుద్ధం రోజులు. మధ్యాహ్నం భోజనాల వేళ తరవాత పొగ కనిపించింది. మంటలార్పేవాళ్ళు వచ్చి ఓడలోకి నీళ్ళు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అర్ధగంట తరవాత మళ్ళీ పేలింది. అందులో ఉన్న బంగారు కడ్డీలు ఊళ్ళోకి ఎగిరిపడ్డాయి. వందలమంది పోయారు. పోయినవాళ్ళలో 66 మంది ఫైర్‌మన్లు. లోపల ఏముందో తెలిసి కూడా హోసు వదలకుండా నిలబడ్డవాళ్ళు. ఆ ఉదయం మా డ్రిల్లు మైదానంలో రెండు నిమిషాలు మౌనం పాటించేటప్పుడు పక్క బడి పిల్లల ఎక్కాలు వినబడేవి. అదే మాకు బ్యాండు.

మైదానం అవతల ఆరు క్వార్టర్లు. ఒకటిన్నర గది, ఒక వసారా. ఇక్కడున్న అమ్మలకు ఈ భాగం నేను చెప్పనక్కర్లేదు. గంట మోగితే మగవాడు కంచం ముందునుంచి లేచి పరిగెత్తుతాడు. మా ఇంటావిడ ఆ కంచం మీద చిల్లుల గిన్నె బోర్లించి పెట్టేది. వచ్చాక తినేవాణ్ణి, ఒక్కోసారి మర్నాడు. పగలైతే పిల్లలు గేటు తెరవడానికి పందెం వేసుకునేవారు. ఎవరూ వాళ్ళకు ఆ పని అప్పగించలేదు, జీతం ఇవ్వలేదు. మేమంతా చెమట కంపుతో, మసితో తిరిగివస్తే ఆరిళ్ళలో ఏ ఇంట్లో నీళ్ళు కాగుతుంటే ఆ ఇంట్లో స్నానం. క్వార్టర్లు స్టేషను ఆవరణలోనే ఉండాలనడంలో సౌకర్యం మాట అటుంచండి, లెక్క ఉంది. ఊళ్ళో అయితే 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెకైతే 20 నిమిషాల్లో చేరాలని మాకున్న లెక్క. మనిషి పేట అవతల అద్దెకు ఉంటే ఆ 5 నిమిషాలు అతను చెప్పులు వెతుక్కునేటప్పటికే అయిపోతాయి.

ఇప్పుడు తొట్టి దగ్గరికి వద్దాం. షెడ్డు వెనకాల నేలలోకి కట్టిన సిమెంటు తొట్టి. నిలవ నీటికి. బండిలో నీళ్ళుంటాయి కదా, తొట్టి ఎందుకని అడుగుతారు. మా వాటర్ టెండరులో పట్టేది 4,500 లీటర్లు. దాని పంపు పూర్తి వేగంతో నిమిషానికి 2,250 లీటర్లు కొట్టగలదు. భాగించి చూడండి. రెండు నిమిషాలు! చిన్న నాజిలు పెట్టి, పొదుపుగా, ఆపి ఆపి కొడితే మరికొన్ని నిమిషాలు. ఆ తరవాత బండి ఉత్త ఇనపడబ్బా. అందుకనే ఫైర్‌మన్ ఏ పల్లెకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా సరే, ముందు చెరువు ఎక్కడుందో, నుయ్యి ఎంత లోతో చూస్తాడు. ఏడు మీటర్ల కన్నా కిందికి నీరు దిగిపోతే మా పంపు పీల్చలేదు. అంతకు మించి పీల్చాలని ప్రయత్నించడం గాలితో కుస్తీ పట్టడమే.

మన ప్రాంతంలో అప్పటి పల్లెలు మీకు గుర్తే. తాటాకు ఇళ్ళు, పూరిళ్ళు, సముద్రం వారగా చుట్టిళ్ళు. చూరుకు చూరు ఆనుకుని ఉండేవి. కోతలయ్యాక ఇంటి పక్కనే గడ్డికుప్ప. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడమటి గాలి లేచిందంటే ఒక పొయ్యిలోని నిప్పురవ్వ చాలు. ఒక ఇల్లు కాలడమన్నది ఉండేది కాదు, వీధి కాలేది. కబురు రావడమూ అంతే. ఒక మనిషి సైకిలు మీద పోస్టాఫీసున్న ఊరికి వెళ్ళి, అక్కడ లైను దొరికి, మాకు గంట మోగేటప్పటికి సగం వీధి నేలమట్టం. "కాలిపోయాక వస్తారు" అని మా శాఖకు సామెత అంటగట్టారు. కోపం వచ్చేది కాని, అనేవాళ్ళు బూడిదలో నిలబడి అంటూంటే ఏం జవాబు చెబుతాం?

1983 వేసవిలో ఒక మధ్యాహ్నం అలాగే గంట మోగింది. ఊరు ఆరు కిలోమీటర్లు. లీడింగ్ ఫైర్‌మన్‌గా నేనే బండి మీద వెళ్ళాను. మంట ఒక వరసను తినేసి రెండో వరస మొదట్లో ఉంది. ఉన్న నీళ్ళతో రెండో వరసకు అడ్డం వేశాం. మంట తగ్గుముఖం పట్టింది కాని ఆరలేదు. చెరువులో సక్షన్ పైపు వేస్తే బురద వచ్చి జల్లెడ మూసుకుపోయింది. సరే, దగ్గరే కదా స్టేషను, వెనక్కి పోయి తొట్టి నుంచి నింపుకుని వద్దామని బండి తిప్పాను. ముగ్గురు మనుషుల్ని అక్కడే వదిలాను, పిడకల బుట్టలతో మట్టి పొయ్యండి అని చెప్పి.

స్టేషనుకు వచ్చి తొట్టిలో పైపు వేశాం. కాస్సేపటికే పంపు అరవడం మొదలెట్టింది. గాలి పీలుస్తోంది. మూత తీసి చూస్తే అడుగున మోకాలి లోతు నీళ్ళు. గోడకు ఒక బీట, ఎన్ని రోజులనుంచి కారుతోందో తెలియదు. ఏటి రేవుకు వెళ్ళి నింపుకుని తిరిగి ఆ పల్లెకు చేరేటప్పటికి నలభై నిమిషాలు అదనంగా పోయాయి. రెండో వరసలో పదకొండు ఇళ్ళూ పోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. ఒక ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి కోసం కూడబెట్టిన పెట్టె పోయింది. ఒక ఆవుదూడ పోయింది.

ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ, ఆమె ఇల్లూ ఆ పదకొండులోదే, మమ్మల్ని తిడుతుందనుకున్నాను. ఆమె ఎక్కడినుంచో ఒక కుండతో నీళ్ళు తెచ్చింది. "ఆయాసపడిపోతన్నారు, ముందు నీల్లు తాగండి బాబూ" అంది. తాగాను. ఆ నీళ్ళు గొంతు దిగిన తీరు నేను మీకు చెప్పలేను.

ఎందుకంటే ఆ ఉదయం 8 గంటలకు డ్యూటీ మార్చుకునేటప్పుడు లాగ్‌బుక్కులో "తొట్టి నిండుగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టింది నేనే. మూత తీసి చూడలేదు. నిన్న రాసిందే ఇవాళా రాశాను. నిన్న రాసినవాడు మొన్నటిది చూసి రాశాడు. మనందరం ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళమే. అలాంటి వాక్యాలు ఎన్ని రాసి ఉంటామో ఎవరికి వారికి తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ సంతకం కిందనే, "చూడకుండా రాశాను, తొట్టి నిండుగా లేదు" అని మళ్ళీ రాసి తేదీ వేశాను. మా ఇంటావిడ "ఎవరూ అడగందే ఎందుకు రాశారు" అంది, ఆ తరవాత "రాసి మంచిపని చేశారు" అని కూడా అంది. మెమో వచ్చింది. సంజాయిషీలో కొత్తగా చెప్పడానికేమీ లేదు. క్యుములేటివ్ ఎఫెక్టు లేకుండా ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఈ మాట అర్థం వివరించనక్కర్లేని సభ ఇదొక్కటే కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. నాకది ఎక్కువ శిక్ష అనిపించలేదు, తక్కువ అనిపించింది.

తొట్టికి బీట పూడ్చాక, లోపలికి దిగి, గోడ మీద ఎర్ర రంగుతో అడుగుల గీతలు నేనే గీశాను. ఒకటి, రెండు, మూడు అని పైదాకా. లాగ్‌బుక్కులో "నిండుగా" అనే మాట రాయకూడదని, ఎన్ని అడుగులో అంకె రాయాలని పెట్టుకున్నాం. నేను బదిలీ అయి మళ్ళీ పదేళ్ళకు అదే స్టేషనుకు ఆఫీసరుగా వస్తే అంకె రాసే అలవాటు అలాగే ఉంది. ఎందుకు మొదలైందో అప్పటివాళ్ళకు తెలియదు. నేనూ చెప్పలేదు.

కాలం మారింది. పక్కా ఇళ్ళు వచ్చాయి, స్లాబులు పడ్డాయి. ఊళ్ళకు ఊళ్ళు కాలడం బాగా తగ్గింది. దానికి మా బళ్ళకన్నా సిమెంటు కప్పులే ఎక్కువ కారణమని నా ఉద్దేశం. ఇప్పుడు గ్యాసు, కరెంటు తీగలు, ఆసుపత్రులు, అపార్టుమెంట్లు. 1999 లో మనకు అగ్నిమాపక సేవల చట్టం వచ్చింది. శాఖ పేరులో ఇప్పుడు విపత్తుల స్పందన అనే మాట కూడా చేరింది, న్యాయంగానే. 2014 అక్టోబరు హుద్‌హుద్ తరవాతా, 2018 అక్టోబరులో మన జిల్లా మీదనే విరుచుకుపడ్డ తిత్లీ తరవాతా, రోడ్లకు అడ్డంగా పడ్డ చెట్లు కోసినవాళ్ళలో మా పిల్లలున్నారు. వాళ్ళు మంట కన్నా నీటినీ గాలినీ ఎక్కువ చూస్తున్నారు. కొత్త బళ్ళు పాత షెడ్డు ద్వారంలో పట్టవు, ఎత్తు చాలదు. పాత స్టేషను ఊరి నడిబొడ్డున ఉండేది, ఒకప్పుడు అదే దాని బలం. ఇప్పుడు బజారు రద్దీలో బండి గేటు దాటడానికే రెండు నిమిషాలు. కాబట్టి కొత్తది కట్టినందుకు నాకు ఫిర్యాదు లేదు. పడగొట్టడానికి ముందు ఎవరైనా ఒక పటం గీసి ఉంటే బాగుండునన్నదొక్కటే నా బాధ.

ఇక బురుజు. కాంట్రాక్టరు కుర్రాడు అడిగింది దాని గురించే కదా. నాలుగంతస్తుల ఎత్తు, ఒక పక్క గోడ, మూడు పక్కలా కిటికీల్లాంటి ఖాళీలు, లోపల ఇనప నిచ్చెన, పైన ఒక కప్పీ.

ఫైర్ స్టేషనుకు బురుజు మొదట వచ్చింది చూడ్డానికి. టెలిఫోన్లు లేని రోజుల్లో ఎత్తున ఒక మనిషి నిలబడి పొగ ఎక్కడ లేచిందో చూసి చెప్పాలి. ఇస్తాంబుల్‌లో 1828 లో రాతితో కట్టిన బెయాజిత్ బురుజు అందుకోసమే. మా తాతగారు రంగం వెళ్ళినవారు. అప్పట్లో మన వైపునుంచి వేలమంది స్టీమరెక్కి రంగం వెళ్ళి రేవుల్లో, మిల్లుల్లో పనిచేసేవారు. సూలే పగోడా రోడ్డులో బురుజున్న పెద్ద ఫైరాఫీసు ఉండేదనీ, సాయంత్రం పని దిగాక దాని ఎదట నిలబడి ఎర్ర ఇంజన్లు చూసేవారమనీ ఆయన చెప్పేవారు. ఆ కట్టడం ఇప్పటికీ అక్కడ నిలిచి ఉంది. 1941 డిసెంబరు 23 న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. తాతగారు కొండల వెంట నడిచి వచ్చినవాళ్ళలో ఒకరు. ఆయన ఇంటికి చేరిన కొన్నాళ్ళకే, 1942 ఏప్రిల్ 6 న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. నిప్పు ఆయన వెంట సముద్రం దాటి వచ్చిందని మా నాయనమ్మ అనేది. నేను ఫైర్‌మన్ ఉద్యోగంలో చేరుతున్నానంటే తాతగారు సంతోషించి అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఆఫీసుకి బురుజుందా?"

ఉంది. కాని మా బురుజు పొగ చూడ్డానికి కాదు, ఫోన్లు వచ్చేశాయి. దాని పనులు రెండు. ఒకటి డ్రిల్లు. నిచ్చెనలు వేసుకుని ఎక్కడం, భుజాన మనిషిని వేసుకుని దిగడం, అక్కడే నేర్చుకున్నాం. రెండోది హోసులు ఆరబెట్టడం. అప్పటి హోసు కాన్వాసుగుడ్డ. తడిసిన హోసును చుట్టి మూల పెడితే నాలుగు రోజుల్లో బూజు పట్టి, తరవాతి మంట దగ్గర నడుమ చిట్లిపోతుంది. ఒక్కొక్కటీ 15 మీటర్ల పొడవు. నేల మీద ఎండబెడితే సరిగా ఆరదు, ఎండకు గుడ్డ చెడుతుంది. అందుకని కడిగి, కప్పీ మీద తాడుతో పైకి లాగి, నీడలో, గాలికి నిలువుగా వేలాడదీయాలి. మంట ఆర్పి వచ్చాక, స్నానం కన్నా ముందు చేసే పని అదే. పెద్ద మంట జరిగిన మర్నాడు దూరంనుంచి చూస్తే బురుజునుంచి హోసులు ఊడల్లాగా వేలాడుతుండేవి. వాటిని లెక్కపెట్టి నిన్న మంట ఎంతటిదో ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేవారు. తరవాత రబ్బరు పూతవి, సింథటిక్‌వి వచ్చాయి. వేలాడదీయవలసిన పని తగ్గిపోయింది. బురుజు ఖాళీగా నిలబడింది. ఆ కుర్రాడికి గుడిలా కనిపించిందంటే తప్పేముంది?

ఇప్పుడు రోము గోడల దగ్గరికి మళ్ళీ రండి. ట్రాస్టెవెరెలో బయటపడ్డ ఆ ఠాణా గోడల మీద కాపలావాళ్ళు గీకిన రాతలు వంద దాకా ఉన్నాయి. క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటివి. ఎవరి దళం, ఎవరి వంతు, దివిటీల డ్యూటీ ఈ నెల ఎవరిది, దేవుడికి కృతజ్ఞతలు, ఇలాంటివి. వాటిలో ఒక రాత, అలిసిపోయాను, నా బదులు ఇంకొకణ్ణి పంపండి అని. ఇది ఒక పత్రికలో చదివినప్పుడు నేను లేచి కాస్సేపు అటూ ఇటూ నడిచాను. పదిహేడు వందల ఏళ్ళ పైమాట! రిలీఫ్ రాని మనిషి ఎక్కడివాడైనా ఒకటే రాస్తాడు. తవ్వి తీశాక ఆ గోడల పూత చాలావరకు రాలిపోయింది. తీసినప్పుడే నకలు రాసి పెట్టుకున్నారు గనుక ఆ మాటలు మిగిలాయి.

మా బురుజు లోపలి గోడ మీదా రాతలు ఉండేవి. బొగ్గుతో, సుద్దతో, మేకుతో. డ్రిల్లులో ఎవరు ఎన్ని సెకన్లలో ఎక్కారో. పాలవాడి బాకీ. ఒక సినిమా పేరు. ఎవరో ఆఫీసరుగారి బొమ్మ, మీసాలు మరీ పెద్దవిగా (అది నా బొమ్మ కాదని చెప్పగలిగితే సంతోషించేవాణ్ణి). ఎన్నోసార్లు సున్నం వేయించండని పైనుంచి ఆదేశం వచ్చింది. ముందువైపు వేయించి, లోపలివైపు డబ్బు చాలలేదని రాసేవాణ్ణి.

పడగొట్టేవాళ్ళను రెండు రోజులు ఆగమని బతిమాలాను. మంచి కుర్రాళ్ళు, ఆగారు. మా మనవరాలు టేపు పట్టుకుంది, నేను పటం గీశాను. షెడ్డు, వాచ్‌రూము, క్వార్టర్లు, బురుజు, అన్నిటి కొలతలూ వచ్చాయి. తొట్టిలోకి ఈ వయసులో దిగలేనంటే ఆ కాంట్రాక్టరు కుర్రాడే దిగి "ఎర్రగీతలున్నాయి బాబూ, ఎనిమిది" అని కేకేశాడు. ఎనిమిదీ రాసుకున్నాను. గోడ మీది రాతలు చదవగలిగినన్ని ఒక నోటుపుస్తకంలో ఎక్కించాను. మూడోరోజు బురుజు పడింది.

ఆ నోటుపుస్తకం ఇవాళ తెచ్చాను, బయట బల్ల మీద పెడతాను. అందులో చాలా రాతలు ఎవరివో నేను గుర్తుపట్టాను, కొందరు ఇప్పుడు లేరు. ఒకటి మాత్రం ఎవరిదో తేలలేదు. నిచ్చెన మూడో మెట్టు ఎదురుగా, బొగ్గుతో, గుండ్రటి అక్షరాలు. తేదీ లేదు, సంతకం లేదు. "రిలీఫ్ రాలేదు. ఇంటిదగ్గర పాప పుట్టిందట" అని ఉంది. ఆ స్టేషనులో పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఈ సభలో కొందరున్నారు, మరికొందరు ఈ సంచిక ఇంట్లో చదువుతారు. మీ నాన్నగారి చేతిరాత అలా ఉండేదేమో చూసి చెప్పండి. ఆ పాపకు ఇప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉండవచ్చు. నా చిరునామా కార్యదర్శిగారి దగ్గర ఉంది.